చదరంగంలో తక్కువ రేటింగ్ ఆటగాడు గెలిస్తే అది అదృష్టమేనా?

కాదు. రేటింగ్ అంటే ఆటగాడి బలాన్ని చెప్పే అంకె. ఆ లెక్క ప్రకారం 400 పాయింట్ల తేడా ఉంటే, తక్కువవాడికి 11 ఆటలకు ఒక పాయింటు, అంటే ఒక గెలుపు లేదా రెండు డ్రాలు, రావాలి. ఆ ఒక్కటి ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ అడగరు. 2022లో పదహారేళ్ల ప్రజ్ఞానంద అప్పటి ప్రపంచ చాంపియన్ కార్ల్‌సెన్‌ను ఓడించిన ఆటనే అందరూ ఉదాహరణగా చెబుతారు. అది ఆన్‌లైన్‌లో, తక్కువ సమయంలో ఆడింది. నేను చెప్పేది నెల్లూరులో ఒక కల్యాణమండపంలో నాలుగు గంటలు కూర్చుని ఆడిన ఆట గురించి.

మాది కావలి. నా రేటింగ్ 1436. ఎదురుగా చెన్నై కుర్రాడు, 1836. చివరికి ఇద్దరికీ చెరొక ఏనుగు, కొన్ని బంట్లు మిగిలాయి. అతడు డ్రాకు ఒప్పుకుంటే సరిపోయేది. ఒప్పుకోలేదు. అంచున ఉన్న నా బంటును తినడానికి రాజును అటు నడిపించాడు. ఈలోగా మంత్రి వరుసలోని నా బంటు ఏడో గడికి చేరింది, ఇంకొక్క గడి నడిస్తే మంత్రి అవుతుంది. కానీ దాని ముందు గడిలో నా రాజే అడ్డం. అతడి రాజు ఇటు రాకుండా నా ఏనుగు కాపలా.

అప్పుడు ఏనుగును నాలుగో అడ్డవరుసలో పెట్టాను. ఎత్తులు రాసుకునే స్కోరుషీటు మీద అతడి కలం ఆగిపోయింది. నా రాజు బయటికి రాగానే ఏనుగుతో చెక్ ఇచ్చాడు, అంటే రాజు మీదికి దాడి. ఒక గడి దిగాను. మళ్లీ చెక్, మళ్లీ ఒక గడి. నాలుగో చెక్‌కు ఏనుగును అడ్డం పెట్టాను. దీన్నే వంతెన కట్టడం అంటారు. అతడు ఓటమి ఒప్పుకుని చెయ్యి చాచాడు.

ఇది నాకు నేర్పింది మా మేనమామ. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. బోర్డు మీద రెండు రాజులు, రెండు ఏనుగులు, ఒక్క బంటు పెట్టి, "ముందు ఇది గెలువు, మిగతా పావులు తర్వాత పెడతాను" అనేవారు. ఇప్పటి పిల్లల చేత ఓపెనింగు, అంటే ఆట మొదట్లోని ఎత్తులు ఇరవై దాకా బట్టీ పట్టిస్తున్నారు, అయిదు పావులు మిగిలితే చేతులెత్తేస్తున్నారు. పైగా ఎవరు ఎవరితో ఆడాలో చెప్పే జతల జాబితా గోడకు అతికించగానే తల్లిదండ్రులే ముందు రేటింగులు చూసి, "మనకన్నా మూడొందలు ఎక్కువ, ఇక ఆశ లేదు" అని బిడ్డ వినేలా అంటారు. ఆ మాట విన్న పిల్ల ఎలా ఆడుతుంది? నాకు ఒళ్లు మండిపోతుంది.

ఆ గెలుపుతో నాకు 18 రేటింగ్ పాయింట్లు వచ్చాయి. సాయంత్రం మండపం మెట్ల మీద ఆ కుర్రాడు బోర్డు తెచ్చి, "అంకుల్, ఆ స్థితి మళ్లీ పెట్టండి" అన్నాడు. ఈసారి నల్లపావులు నేను తీసుకున్నాను. మూడో ప్రయత్నానికి వంతెన అతడే కట్టాడు.