డిప్పర్ లాగితే వెలుగు, వదిలితే చీకటి

ప్రశ్న: మాది కడప. మా కారు కొని ఎనిమిదేళ్లయింది. గత నెల రాయచోటి నుంచి రాత్రివేళ తిరిగి వస్తూ గువ్వలచెరువు ఘాట్ దిగుతుండగా రెండు హెడ్‌లైట్లూ ఒక్కసారిగా ఆరిపోయాయి. డిమ్‌లో గానీ బ్రైట్‌లో గానీ వెలగలేదు. డిప్పర్ మీటను లాగి పట్టుకున్నంతసేపు మాత్రం వెలిగాయి. పార్కింగ్ లైట్లు, హారన్ బాగానే ఉన్నాయి. మెకానిక్ రెండు బల్బులూ మార్చారు. వారం తిరగకుండానే మళ్లీ అదే తంతు. పగలు షెడ్డుకు తీసుకెళ్తే చక్కగా వెలుగుతున్నాయి. వెలుతురు చాలడం లేదని నిరుడు 100/90 వాట్ల (బ్రైట్‌లో 100, డిమ్‌లో 90) బల్బులు వేయించాను, ఇప్పుడు వేసినవీ అవే. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: లోపం బల్బుల్లో లేదు. రెండు బల్బులు ఒకే క్షణాన మాడిపోవడం అరుదు. పైగా మాడిన బల్బు మర్నాడు షెడ్డులో వెలగదు. డిప్పర్‌కు చాలా కార్లలో కరెంటు వేరే దారిన వస్తుంది కనుక, అది లాగినప్పుడు వెలుగుతున్నాయంటే బ్యాటరీ, ఎర్త్ సరిగానే ఉన్నాయని అర్థం. మిగిలింది స్టీరింగ్ కిందనున్న కాంబినేషన్ స్విచ్ (లైట్ల మీట ఉండేది), దాని ప్లగ్గు, రిలే (స్విచ్ ఇచ్చే కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును కలిపే పరికరం) ఉన్న బండి అయితే ఆ రిలే. నా అనుమానం స్విచ్ మీదనే.

ఆ స్విచ్ చెడడానికి కారణం మాత్రం మీరు వేయించిన ఎక్కువ వాట్ల బల్బులే. డిమ్, బ్రైట్ రెండూ ఒకే బల్బులో ఉండే రకాన్ని హెచ్4 అంటారు; కంపెనీ ఇచ్చే ఆ బల్బు 60/55 వాట్లది. డిమ్‌లో రెండూ కలిసి 12 వోల్టుల లెక్కన సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటాయి. మీవి 15 తీసుకుంటున్నాయి. వేడి కరెంటుకు వర్గంగా పెరుగుతుంది కాబట్టి అదే స్విచ్ పాయింటు (లోపల లోహపు ముక్కలు తాకి కరెంటు కలిసే చోటు) రెండున్నర రెట్లకు పైగా కాగుతోంది. అరగంట ప్రయాణానికి పాయింటు వదులై పట్టు తప్పుతుంది, చల్లారాక మళ్లీ అతుక్కుంటుంది. షెడ్డులో రెండు నిమిషాలు వెలిగించి చూస్తే ఈ రోగం బయటపడదు.

స్టీరింగ్ కింది కవరు విప్పించి ప్లగ్గును ఊడదీసి చూడండి. తెల్లటి ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా, పిన్ను నల్లబడినా, కాలిన వాసన వచ్చినా చోటు దొరికినట్లే. బల్బు వెనుక హోల్డర్‌నూ ఇలాగే పరీక్షించాలి. చిన్న టెస్టర్ లైటు వెలిగిందని మోసపోవద్దు: కాలిన పాయింటు ఆ కాస్త కరెంటును ఇవ్వగలదు, 55 వాట్ల బల్బుకు ఇవ్వలేదు. హెడ్‌లైట్ బల్బునే తగిలించి చూడమనండి.

స్విచ్, కాలిన ప్లగ్గు మార్చి, 60/55 బల్బులకు తిరిగి రండి. పాత స్విచ్ పాయింట్లను ఉప్పుకాగితంతో గీకి సరిపెట్టే రిపేరు నెల నిలవదు. ఎక్కువ వెలుతురు కావలసిందేనంటే ముందుగా మసకబారిన లైటు అద్దాలను పాలిష్ చేయించండి. చాలా బండ్లలో అసలు లోటు అక్కడే ఉంటుంది. దానితోనూ చాలకపోతే బ్యాటరీ నుంచి ఫ్యూజుతో నేరుగా వైరు తెచ్చి, రిలే పెట్టించి, అదే 60/55 బల్బులకు నిండు వోల్టేజీ అందేలా చేయించండి. అప్పుడు స్విచ్ మీద బరువు పడదు. ఫ్యూజు మాత్రం పెద్దది వేయనివ్వకండి, వైరు కాలుతుంది.

పని పూర్తయ్యాక ఒక సాయంత్రం ఇంటి ముందు ఇంజన్ నడుస్తుండగా అరగంట హెడ్‌లైట్లు వేసి ఉంచండి. ఆపై స్టీరింగ్ కింది ప్లగ్గు చేతికి గోరువెచ్చగా తగిలితే సరే. చేయి ఆనించలేనంత కాగితే రాయచోటి వైపు రాత్రి ప్రయాణం పెట్టుకోకుండా బండిని మళ్లీ షెడ్డుకే తీసుకెళ్లండి.