అటక మీద ఫాంటమ్

పాత బొమ్మల పుస్తకాల గురించి మీరు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు రాస్తున్నది తెనాలిలో ముప్పై ఏళ్లు లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైన, నలభై ఏళ్లుగా కామిక్స్ సేకరిస్తున్న ఒక పాఠకురాలు.

మా నాన్నగారు పోయాక ఇల్లు సర్దుతుంటే అటక మీద ట్రంకుపెట్టెలో అరవై దాకా ఇంద్రజాల్ కామిక్స్, అమర్ చిత్ర కథలు దొరికాయి. కాగితం పసుపెక్కింది, పిన్నులు తుప్పుపట్టాయి, కొన్నిటికి అట్టలు ఊడిపోయాయి. మా ఆయన లామినేషన్ చేయిద్దామంటున్నారు. అసలు ఇవి ఏనాటివో తెలుసుకోవడం ఎలా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

అమ్మా, లామినేషన్ మాత్రం వద్దని మీ వారికి గట్టిగా చెప్పండి. వేడి ప్లాస్టిక్‌లో ఒకసారి ఇరుక్కున్న కాగితాన్ని మళ్లీ బయటికి తీయలేం. సెల్లోటేపూ వద్దు. ఈ సంగతి నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. ఇంటర్ చదివే రోజుల్లో మా వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఎత్తేస్తుంటే ఇంద్రజాలికుడు మాండ్రేక్ కథల పుస్తకం ఒకటి కొనుక్కున్నాను. అట్ట చిరిగి ఉంటే ప్రేమకొద్దీ పైనుంచి కిందిదాకా టేపు వేశాను. ఇప్పుడు చేతిలోకి తీసుకుంటే ఆ టేపు చేపపొలుసులా రాలుతోంది. దాని జిగురు మాత్రం కాగితంలోకి ఇంకిపోయి, మాండ్రేక్ టోపీ మీంచి అతని నేస్తం లోథార్ భుజం దాకా టీ ఒలికినట్టు ఒక చార మిగిలింది. అది ఇక పోదు. ఆ పుస్తకం తీసిన ప్రతిసారీ బొమ్మకంటే ముందు నాకు ఆ చారే కనిపిస్తుంది.

పిన్నుల సంగతి చెబుతాను. పుస్తకాన్ని సరిగ్గా మధ్య పేజీ దగ్గర తెరిస్తే పిన్ను కాళ్లు మడిచి ఉంటాయి. మొండి చాకు మొనతో వాటిని మెల్లగా నిటారుగా లేపి, అట్ట వైపు నుంచి పిన్నును బయటికి తీయండి. రాకపోతే లాగొద్దు, ఇంకాస్త లేపండి. తర్వాత అవే రంధ్రాల్లోంచి తెల్ల నూలు దారం పోనిచ్చి, మధ్య పేజీలో వదులుగా ముడి వేయండి. మా లైబ్రరీకి వచ్చే బైండరు నేర్పిన పద్ధతి ఇది. కొత్త పిన్ను కొడితే కొత్త రంధ్రాలు పడతాయి, కొన్నేళ్లకు అదీ తుప్పుపడుతుంది.

పసుపు రంగును వెనక్కి తిప్పలేం. చవక కాగితంలో కర్రలోని లిగ్నిన్ అనే పదార్థం మిగిలిపోతుంది. వెలుతురు, గాలి తగిలేకొద్దీ రంగు మారి, కాగితం పెళుసవుతుంది. మనం చేయగలిగింది ఆ వేగం తగ్గించడమే. ఒక్కో పుస్తకాన్ని పాలీప్రొపిలీన్ కవర్లో పెట్టి, వెనక ఆసరాకు యాసిడ్ ఫ్రీ (ఆమ్లం లేని) బోర్డు ముక్క పెట్టండి. మెత్తగా ఉండి వాసన వచ్చే పీవీసీ కవర్లు వద్దు. పుస్తకాలను మళ్లీ అటక ఎక్కించొద్దు, ఎండాకాలం ఖమ్మంలో అటకంటే పొయ్యే. బీరువాలో మధ్య అరలో, బయటి గోడకు ఆనకుండా పెట్టండి. పేజీల మధ్య వేపాకులు పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది కానీ, ఆకు మరక పడుతుంది. పెట్టాలనిపిస్తే గుడ్డలో మూటకట్టి అర మూలన పెట్టండి.

ఇక వయసు. ఇంద్రజాల్ కామిక్స్‌ని టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్లు 1964 మార్చిలో అడవిలో ఉండే ముసుగు వీరుడు ఫాంటమ్ కథతో మొదలుపెట్టి 1990లో ఆపేశారు. కాబట్టి మీ చేతిలో ఉన్న ఏ ఇంద్రజాల్ అయినా అంతకు ముందుదే. మన దేశపు హీరో బహదూర్ కథలైతే 1976 నుంచి వచ్చినవి. ఫాంటమ్‌ను సృష్టించిన లీ ఫాక్ అతన్ని బంగల్లా అడవిలో పెడితే, ఇంద్రజాల్ వాళ్లు ఆ పేరును డెంకాలి అని మార్చారు. మీ పుస్తకాల్లో వెతకండి, కనిపిస్తుంది. అమర్ చిత్ర కథను అనంత్ పాయ్ 1967లో మొదలుపెట్టారు. మన పురాణకథల వరసలో మొదటిదైన కృష్ణుడి పుస్తకం నంబరు 11. ముందు పది నంబర్లూ విదేశీ కథలకు పోయాయి. ప్రచురణకర్తగా ఇండియా బుక్ హౌస్ పేరుంటే పాతవి. నంబరు 501, ఆపైన ఉంటే తర్వాతి పునర్ముద్రణలు.

లోపలి పేజీల్లో మీ నాన్నగారు పేరు రాసుకుని ఉంటే చెరపకండి. సేకరించేవాళ్లలో కొందరికి గీతలేని పుస్తకం కావాలి. నాకైతే 'ఆరో తరగతి, బి సెక్షన్' అని వంకర అక్షరాలతో రాసి ఉన్న పుస్తకమే ఎక్కువ ఇష్టం.

అమెరికాలో ఒక కామిక్ కోట్లకు అమ్ముడైందట. మన పాత కామిక్స్‌కీ అంత వస్తుందా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

రాదు. మీరు విన్నది 1938 జూన్ తేదీతో వచ్చిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక అయి ఉండొచ్చు. సూపర్‌మాన్ తొలిసారి కనిపించింది అందులోనే. అప్పుడు పది సెంట్లు. 2024 ఏప్రిల్‌లో ఒక కాపీ అరవై లక్షల డాలర్లకు, మన లెక్కలో దాదాపు 50 కోట్ల రూపాయలకు పోయింది. అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అమ్మాలనుకుంటే ఆన్‌లైన్‌లో ఎవరో అడుగుతున్న ధర చూసి ఆశపడకండి, నిజంగా అమ్ముడుపోయిన ధర చూడండి. ఆ రెంటికీ చాలా తేడా ఉంటుంది.

మా మనవడికి పదేళ్లు. కామిక్స్ మీద తీసిన సినిమాలు ఒక్కటీ వదలడు, పుస్తకం ఇస్తే 'బోర్ తాతా' అంటాడు. ఎలా అలవాటు చేయాలి? – ఒక తాతయ్య, హనుమకొండ

సినిమా మాన్పించకండి తాతయ్యగారూ. సినిమాను పుస్తకం పక్కన పెట్టండి. మా అన్నయ్య మనవరాలితో నేను కుర్ర విలేకరి టిన్‌టిన్ సాహసాల దగ్గర మొదలుపెట్టాను. స్పీల్‌బర్గ్ 2011లో తీసిన సినిమా మూడు పుస్తకాలు కలిపి అల్లింది. మొదట్లోనే పాత వస్తువుల సంతలో ఒక వీధి చిత్రకారుడు టిన్‌టిన్ బొమ్మ గీస్తాడు. ఆ చిత్రకారుడి ముఖం ఎవరిదనుకున్నారు? టిన్‌టిన్‌ను సృష్టించిన ఎర్జేది. అతను గీసి ఇచ్చిన బొమ్మ అచ్చం పుస్తకంలోని టిన్‌టిన్. అక్కడ పాజ్ నొక్కి, యూనికార్న్ ఓడ కథ పుస్తకం తెరిచి ఆ పిల్ల ముందు పెట్టాను.

తర్వాత టిన్‌టిన్ నేస్తం, ఓడ కెప్టెన్ హాడక్ తన ముత్తాతల నాటి ఓడ యుద్ధాన్ని చెప్పే ఘట్టం చూపించండి. సినిమాలో ఎడారి ఇసుక సముద్రపు అలగా మారిపోతుంది, ఊపిరి బిగపట్టి చూస్తాం. పుస్తకంలో హాడక్ తన గదిలోనే కత్తి ఝళిపిస్తూ యుద్ధమంతా నటిస్తాడు. ఒక గడిలో గది, ఇంకో గడిలో ఓడ. చివరికి పూర్వీకుడి చిత్రపటాన్ని చించుకుని హాడక్ తల బయటికొస్తుంది, ముసలి యోధుడి దుస్తుల మీద ఈయన ముఖం! మా పిల్ల ఆ ఒక్క గడి దగ్గర ఎంతసేపు ఆగిపోయిందో. సినిమాలో ఆ ఆగడం దర్శకుడి చేతిలో ఉంటుంది, పుస్తకంలో పిల్లల చేతిలో ఉంటుంది. మీవాడు ఇది ఒకసారి రుచి చూస్తే చాలు. పుస్తకాలకు దగ్గరగా ఉండేది కావాలంటే 1991లో మొదలైన టిన్‌టిన్ యానిమేషన్ సిరీస్ చూపించండి.

ఇంట్లో పాత చందమామలుంటే అదే పని బేతాళుడితో చేయండి. శంకర్ గారు వేసిన విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని కత్తి దూసి నడుస్తుంటాడు. 1985లో దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ తీసిన సీరియల్‌లో అదే రాజు అరుణ్ గోవిల్. ఏ విక్రమార్కుడు బావున్నాడో మీవాడినే తేల్చమనండి. నా ఓటు శంకర్ గారి బొమ్మకే.

ఎన్టీఆర్ 'సూపర్‌మాన్' ఆ కామిక్ నుంచి తీసిందేనా? – ఒక పాఠకుడు, గుడివాడ

కాదండీ. 1980లో వి.మధుసూదనరావు గారు తీసిన ఆ సినిమా పేరు, వేషం అక్కడివి. కథలో శక్తి మాత్రం ఆంజనేయస్వామి వల్ల వస్తుంది. ఇంట్లో అందరం కూర్చుని చూసే సినిమా, నాకు ఇష్టమే.

తెలుగువాళ్లలో కామిక్స్ గీసినవాళ్లు లేరా? – ఒక విద్యార్థిని, కర్నూలు

ఎందుకు లేరమ్మా! ముందు బుజ్జాయి గారి పేరు గుర్తుపెట్టుకో. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి. 'డుంబు' అనే అల్లరి పిల్లాడిని మనకిచ్చారు. ఆయన పంచతంత్రం బొమ్మలు ఇలస్ట్రేటెడ్ వీక్లీ అనే ఇంగ్లిష్ వారపత్రికలో వచ్చి దేశమంతా చేరాయి. పాత పుస్తకాల షాపుల్లో ఆయన బొమ్మలు కనిపిస్తే వదలకు.

మా అమ్మమ్మ చందమామలు ఏడాదికొకటి చొప్పున బైండు చేయించి దాచారు. విప్పి విడి సంచికలు చేస్తే విలువ పెరుగుతుందా? – ఒక పాఠకుడు, భీమవరం

విప్పకండి బాబూ, మీ పుణ్యముంటుంది. బైండరు అంచులు కోసే ఉంటాడు, వెన్నుకు జిగురు పట్టించే ఉంటాడు. విప్పితే మధ్య పేజీలు చిరుగుతాయి, కోసిన అంచులు ఎలాగూ తిరిగి రావు. చాలామంది బైండర్లు అట్టలు తీసేసి కుట్టేవారు. అందుకే వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు లోపల ఉన్నాయో లేదో ముందు చూడండి. ఉంటే మీ అమ్మమ్మగారు పక్కనుండి చెప్పి కుట్టించుకున్నారన్నమాట. ఆ వాల్యూమ్‌ను నిలబెట్టకుండా పడుకోబెట్టండి, ఒకదాని మీద మూడుకు మించి పేర్చొద్దు. చదివేటప్పుడు రెండు వైపులా తలగడలు పెట్టుకుని, సగం వరకే తెరవండి.