ప్రయోగాల వీడియోలకు క్యాప్షన్లు, దృశ్య వర్ణన: మీ ప్రశ్నకు సమాధానం

నమస్కారమండీ. రసాయనశాస్త్ర వీడియోలో వాటంతట అవే వచ్చే క్యాప్షన్లు పారిభాషిక పదాలను తప్పుగా చూపిస్తున్నాయనీ, వ్యాఖ్యాత మౌనంగా ఉన్నచోట చూపు లేని విద్యార్థికి ఏమీ అందడం లేదనీ రాశారు.

క్యాప్షన్ల సమస్య తేలికైనదే. క్యాప్షన్లూ, అవి కనిపించాల్సిన సమయాలూ ఉండే వీటీటీ ఫైలు సాధారణ పాఠ్యమే కాబట్టి దానిని ఏ టెక్స్ట్ ఎడిటర్‌లోనైనా తెరిచి పదాలను సరిచేయవచ్చు. మాటలతోపాటు అర్థానికి అవసరమైన శబ్దాలను కూడా అందులో చేర్చండి.

దృశ్య వర్ణనకే ఎక్కువ శ్రద్ధ కావాలి. వెబ్‌లోని సమాచారం వికలాంగులకూ అందేలా చూసేందుకు 2008లో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.0 ప్రమాణాలు రికార్డు చేసిన వీడియోలకు క్యాప్షన్లను కనీస స్థాయి అయిన ‘ఎ’లోనూ, దృశ్యాన్ని మాటల్లో వినిపించే ఆడియో వర్ణనను దాని పై స్థాయి అయిన ‘ఎఎ’లోనూ కోరుతున్నాయి. మాటల మధ్య విరామం ఉంటే అక్కడే వర్ణించండి, లేకుంటే వీడియోను ఆపి చెప్పండి. ‘రంగు మారింది’ అంటే చాలదు. ఫినాఫ్తలీన్ అనే సూచిక కలిపిన ఆమ్ల ద్రావణంలో క్షారం చుక్కచుక్కగా పడుతుండగా, రంగులేని ద్రావణం ఒక్కసారిగా లేత గులాబీ రంగుకు మారి అలాగే నిలిచిందని చెప్పాలి. అయితే తటస్థీకరణ పూర్తయిందన్న నిర్ధారణను మాత్రం మీరు చెప్పకండి, ఎందుకంటే దానిని తోటివారిలాగే స్వయంగా ఊహించే హక్కు ఆ విద్యార్థికీ ఉంది. క్యాప్షన్లు నడుస్తున్నప్పుడు మీరు మాట్లాడితే వినికిడి లోపం ఉన్న విద్యార్థి రెండింటినీ ఒకేసారి చూడలేరు. కనుక మీ వివరణను కూడా వీడియో ఆపిన తరువాతే, వారికి అభిముఖంగా నిలబడి చెప్పండి.