నాన్నగారికి స్మార్ట్‌వాచీ కొనాలా, ముళ్ల వాచీ కొనాలా?

మీ ప్రశ్న చదివాను. నాన్నగారు వచ్చే నెల రిటైరవుతున్నారు, ఇంట్లో అందరూ కలిసి ఒక వాచీ ఇద్దామనుకుంటున్నారు. గుండె, బీపీ, నిద్ర అన్నీ చూపిస్తుంది కాబట్టి స్మార్ట్‌వాచీ కొందామని మీ చెల్లెలు అంటోంది. ఆయన ఇన్నాళ్లూ కట్టుకున్నలాంటి ముళ్ల వాచీయే నయమని మీకు అనిపిస్తోంది. ఏది కొనాలని అడిగారు.

నేను విజయవాడలో స్టాఫ్ నర్సుని. 22 ఏళ్ల సర్వీసు. థర్మామీటర్ లాగే వాచీ కూడా నాకు పనిముట్టు. రెండు రకాలూ ఏళ్ల తరబడి వాడాను. వాచీ చూపించిన అంకెలు పట్టుకుని కంగారుగా ఆసుపత్రికి వచ్చేవాళ్లను కూడా ఈమధ్య తరచూ చూస్తున్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నర్సింగ్ స్కూల్లో చేరిన మొదటి వారంలోనే మా ట్యూటర్ మేడమ్ సెకన్ల ముల్లున్న వాచీ లేకుండా వార్డులో అడుగు పెట్టొద్దని చెప్పారు. అప్పట్లో ఆడవాళ్ల వాచీలంటే గోరంత డయల్, చాలావాటికి సెకన్ల ముల్లే ఉండేది కాదు. సంగతి చెప్పగానే మా నాన్న తన చేతికున్న హెచ్‌ఎంటీ జనతా విప్పి ఇచ్చేశారు. తెల్ల డయల్, నల్ల అంకెలు, రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి. బెల్టుకు అదనంగా రెండు బెజ్జాలు పొడిపిస్తే గానీ నా చేతికి నిలవలేదు. మీ నాన్నగారి వయసు వాళ్లకు జనతా అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. ప్రభుత్వ రంగ సంస్థ హెచ్‌ఎంటీ వాచీల ఫ్యాక్టరీ జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో 1961లో మొదలైంది. తర్వాత టైటాన్ వాళ్ల సెల్లు వాచీలు వచ్చాయి, కీ ఇచ్చే పని పోయింది, మెల్లగా హెచ్‌ఎంటీ వెనకబడింది. 2016లో ఆ వాచీల కంపెనీ మూసివేతకు కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. ఆ వార్త పేపర్లో చదివినప్పుడు ఆ వాచీ నా చేతికే ఉంది.

నాడి ఎలా లెక్కపెడతామో చెబితే రెండు వాచీలకూ తేడా ఏమిటో మీకు తెలుస్తుంది. అర్ధరాత్రి దాటాక వార్డులో లైట్లు తగ్గించి ఉంటాయి. ఎడమ చేత్తో పేషెంటు చెయ్యిని కింద నుంచి పట్టుకుని, కుడిచేతి మూడు వేళ్లు మణికట్టు మీద ఆనిస్తాం. బొటనవేలు పెట్టకూడదు, అందులో మన నాడే కొట్టుకుంటుంది, ఎవరిది లెక్కపెడుతున్నామో తెలియదు. ముల్లు 12 దగ్గరకు రాగానే లెక్క మొదలు. నాడి సమంగా ఉంటే అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తాం. తడబడుతుంటే నిమిషమంతా లెక్కపెట్టాల్సిందే. అది అయిపోయినా చెయ్యి వదలం. ఇంకా నాడి చూస్తున్నట్టే పట్టుకుని, ఛాతీ వైపు చూస్తూ ఊపిరి లెక్కపెడతాం. మీ ఊపిరి లెక్కపెడుతున్నానని చెబితే ఎవరైనా సరే తెలియకుండానే ఊపిరి మార్చేస్తారు.

ఆ కాసేపు నా చూపు పేషెంటు మీదే ఉండాలి, వాచీ కంటి కొసకు కనబడుతూ ఉంటే చాలు. జనతాలో సెకన్ల ముల్లు ఆగి ఆగి దూకదు, సెకనుకు ఐదు చిన్న అడుగులు వేస్తుంది కాబట్టి జారుతున్నట్టే ఉంటుంది. దాన్ని చదవక్కర్లేదు, ఎక్కడిదాకా వచ్చిందో ఊరికే తెలిసిపోతుంది. మా నాన్న వాచీ రోజుకు అర నిమిషం వెనకబడుతుంది. వినడానికి పెద్ద లోపమే. లెక్క వేస్తే నిమిషానికి సెకనులో దాదాపు యాభయ్యో వంతు, నాడి లెక్కకు అదేం అడ్డు కాదు. డ్యూటీ టైముకు మాత్రం రెండు రోజులకోసారి సరిచేసుకోవాలి.

స్మార్ట్‌వాచీతోనూ అదే పని చేసి చూశాను. తెర మీద సెకన్లు అంకెల్లో మారుతుంటాయి. మనసులో 31, 32 అనుకుంటుంటే కంటికి 24, 25 కనిపిస్తాయి. రెండు లెక్కలూ కలిసిపోతాయి. సరే అని ముళ్ల బొమ్మ ఉన్న డయల్ పెట్టుకున్నాను. కొన్ని సెకన్లకే తెర ఆరిపోయింది. వెలిగించాలంటే ఎడమ చెయ్యి తిప్పాలి. తిప్పితే ఆ చేతిలో ఉన్న పేషెంటు చెయ్యి కూడా కదిలి, వేళ్లు నాడి మీంచి జారిపోయాయి. మళ్లీ మొదటి నుంచి. తెర ఎప్పుడూ వెలిగే ఉండే వాచీలు కూడా ఉన్నాయి, కానీ ఆ సదుపాయం వాడితే ఛార్జింగ్ తొందరగా దిగిపోతుంది. వార్డు పనికి మళ్లీ జనతాయే కట్టుకున్నాను. ఐసీయూలో అయితే మోచేతి కింద ఏదీ ఉండకూడదు, అక్కడ యూనిఫామ్‌కు తగిలించుకునే పిన్ను వాచీ వాడతాం, అది వేరే సంగతి.

అయితే స్మార్ట్‌వాచీ నాకు మేలు కూడా చాలా చేసింది. 2021లో కరోనా రెండో వేవ్ తగ్గాక కొన్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకు మణికట్టు మీద చిన్నగా తట్టి లేపుతుంది, పక్కన పడుకున్న పాప కదలను కూడా కదలదు. మార్నింగ్ డ్యూటీకి వెళ్లే తల్లులకు దాని విలువ తెలుస్తుంది. రక్తం ఎక్కించేటప్పుడు మొదటి 15 నిమిషాలు కనిపెట్టుకుని ఉండి, మళ్లీ బీపీ, టెంపరేచర్ చూడాలి. దానికి టైమర్ పెట్టుకుంటే ఎంత రద్దీలోనైనా మరిచిపోయే భయం లేదు. గ్లవ్స్ వేసుకున్నప్పుడు ఫోన్ తీయలేం, పాప స్కూల్ నుంచి ఫోన్ వస్తే ఒక్క చూపుతో తెలిసిపోతుంది. నైట్ డ్యూటీలో 12 వేల అడుగులు నడుస్తున్నానని మొదటిసారి అదే చెప్పింది. కాళ్లు లాగుతున్నాయని ఏళ్ల తరబడి నేను చెప్పినదానికంటే ఆ అంకె మా ఆయనకు బాగా అర్థమైంది. నైట్ డ్యూటీ మర్నాడు పొద్దుటి వంట అప్పటి నుంచీ ఆయనదే.

పేషెంట్లలోనూ మేలు జరిగినవాళ్లున్నారు. రిటైరైన ఒక మాస్టారు ఓపీకి వచ్చారు. దడ లేదు, ఆయాసం లేదు. గుండె లయ సమంగా లేదని వాచీ రెండు మూడుసార్లు హెచ్చరించిందని కూతురు పట్టుబట్టి తీసుకొచ్చింది. ఈసీజీ తీస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని తేలింది. గుండె పైగదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతుంటాయి, రక్తం అక్కడ నిలిచి గడ్డకట్టొచ్చు, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. కొందరికి పక్షవాతం వచ్చాకే ఈ జబ్బు ఉన్నట్టు తెలుస్తుంది. ఆయనకు ముందే తెలిసి, రక్తం గడ్డకట్టకుండా మందు మొదలైంది. ఆ రోజు నాకు నిజంగా సంతోషమేసింది.

ఇక మా అపార్ట్‌మెంట్‌లో జరిగింది చెబుతాను. పై అంతస్తులో ఉండే అంకుల్‌కి 58 ఏళ్లు. ఒక రాత్రి పది గంటలకు ఛాతీలో బరువుగా అనిపించి, ఎడమ భుజం లాగింది. చేతికున్న వాచీలోనే ఈసీజీ తీసుకున్నారు. లయ సాధారణంగానే ఉందని వచ్చింది. గ్యాస్ అయి ఉంటుందిలే అని పడుకున్నారు. తెల్లవారి ఆరింటికి ఆంటీ వచ్చి మా తలుపు కొట్టారు. నేను వెళ్లేసరికి ఆయన చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. అది గుండెపోటు. స్టెంట్ వేశారు, బతికారు. కానీ ఆ ఎనిమిది గంటల్లో గుండె కండరం కొంత దెబ్బతింది. ఇప్పటికీ మెట్లెక్కితే మధ్యలో ఆగుతారు.

వాచీ అబద్ధం చెప్పలేదు. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు దాని దగ్గర లేదు, అంతే. ఆసుపత్రిలో ఈసీజీ అంటే ఛాతీకి, కాళ్లూ చేతులకు తీగలు పెట్టి గుండెను 12 వైపుల నుంచి చూస్తాం. వాచీ చూసేది ఒక్క వైపు నుంచే. లయ తప్పిందా లేదా అన్నది దానికి తెలుస్తుంది గానీ, రక్తనాళం పూడుకుపోతే ఆ సంగతి తెలియకపోవచ్చు. 2018లో తమ వాచీలో ఈసీజీ పెట్టిన ఆపిల్ కంపెనీ కూడా ఇది గుండెపోటును కనిపెట్టలేదని స్పష్టంగానే చెబుతోంది. నొప్పితో ఉన్న మనిషి అవన్నీ చదువుతాడా? తెర మీద కనిపించిన మంచి మాటనే నమ్ముతాడు.

మిగతా అంకెల సంగతీ తెలుసుకోండి. వాచీ వెనక వెలిగే ఆకుపచ్చ లైటు చర్మం మీద పడుతుంది. రక్తం ఆ వెలుగును పీల్చుకుంటుంది, గుండె కొట్టుకున్న ప్రతిసారీ రక్తం పెరిగి తగ్గుతుంటే తిరిగొచ్చే వెలుగు కూడా మారుతుంది, దాన్నిబట్టి గుండె వేగం లెక్కగడుతుంది. కదలకుండా కూర్చున్నప్పుడు మంచి వాచీలు దాదాపు సరిగ్గానే చెబుతాయి. బెల్టు వదులైనా, చెయ్యి బాగా కదులుతున్నా తేడా వస్తుంది. మా వార్డులో ఒకరు కొన్న చవకరకం వాచీని చుట్టిన టవల్‌కు కట్టి చూశాను. టవల్‌కు కూడా నాడి 70 పైన చూపించింది. అదే వాచీ బీపీ కూడా చూపిస్తుంది, ఆ బీపీని నమ్మి ఎవరైనా మాత్ర మానేస్తే ఏమవుతుందో అని నాకు ఇప్పటికీ టెన్షనే. ఆక్సిజన్ అయినా అంతే. వేలికి పెట్టే క్లిప్పు వెలుగును వేలి గుండా పంపిస్తుంది, వాచీ మణికట్టు మీంచి తిరిగొచ్చే కాస్త వెలుగుతో అంచనా వేస్తుంది. సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తామనే వాచీలనైతే అసలు ముట్టుకోవద్దు. అలాంటి వాచీలు, ఉంగరాలు వాడొద్దని వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది, వాటిలో ఒక్కదానికీ అనుమతి ఇవ్వలేదని కూడా చెప్పింది.

నిద్ర స్కోరు విషయం నా సొంత అనుభవం. నైట్ డ్యూటీల నెలలో పొద్దున్నే నిద్ర బాగోలేదని వాచీ చెప్పేది. బాగానే పడుకున్నానని నాకు అనిపించిన రోజు కూడా ఆ అంకె చూశాక ఒళ్లు బరువుగా ఉండేది. అది చూసేది కదలికలను, గుండె వేగాన్ని. మెదడును కాదు. చివరికి ఆ ఒక్కటీ ఆపేశాను, మనసు తేలికపడింది.

మన్నిక మాట కూడా చెప్పాలి. మూడేళ్లు తిరగకముందే నా స్మార్ట్‌వాచీ ఛార్జింగ్ సగం రోజు కూడా నిలవడం మానేసింది. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళితే బ్యాటరీ మార్చడం కుదరదు, పాతది ఇచ్చి కొత్తది తీసుకుంటే తగ్గిస్తామన్నారు. తెర మీద ఒక్క గీత లేదు, అయినా దాని పని అయిపోయినట్టే. అదే నెల జనతా కూడా ఆగిపోయింది. బీసెంట్ రోడ్డు పక్క సందులో ఒక పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాను. కంటికి భూతద్దం బిగించుకుని వెనక మూత తీశారు, నూనె ఎండిపోయిందమ్మా అన్నారు. విప్పి, కడిగి, నూనె వేసి వారంలో ఇచ్చారు. కొన్ని వందలతో అయిపోయింది. అయితే ముళ్ల వాచీలకు లోపాల్లేవని కాదు. జనతా వానకు తడిస్తే అద్దం లోపల ఆవిరి పట్టేస్తుంది, స్పేర్లు పాత వాచీల్లోంచి తీసి వేయాల్సిందే, ఆ పెద్దాయన లాంటివాళ్లు కూడా తగ్గిపోతున్నారు. కీ ఇచ్చే ఓపిక లేకపోతే సెల్లు వాచీ హాయి, ఒక సెల్లు వేస్తే రెండు మూడేళ్లు చూసుకోనక్కర్లేదు.

ఇక మీ నాన్నగారి విషయం. నన్నడిగితే ముళ్ల వాచీయే ఇవ్వండి. పెద్ద అంకెలు, తెల్ల డయల్, కళ్లజోడు లేకుండా కనిపించేది, సెకన్ల ముల్లు ఉన్నది. రిటైరైన మనిషి చేతికి కట్టుకుని, రోజూ చూసుకుని, పదేళ్ల తర్వాత మనవడికి చూపించి ఇది మా పిల్లలు ఇచ్చారని చెప్పుకోగలిగిన వస్తువు అది. స్మార్ట్‌వాచీ ఇస్తే మీరు ఇచ్చేది వాచీతో పాటు కొంత పని కూడా: దానికి ఫోన్ ఉండాలి, యాప్ ఉండాలి, రాత్రి పూట మరిచిపోకుండా ఛార్జింగ్ పెట్టాలి. మీరు వేరే ఊళ్లో ఉంటే ఆ పనికి పక్కన మనిషి ఎవరు?

రెండు సందర్భాల్లో మాత్రం మీ చెల్లెలి మాటే వింటాను. గుండె లయ తప్పే ఇబ్బంది ఉందని డాక్టరుగారు ఇప్పటికే అనుమానించి ఉంటే, ఆయనతో మాట్లాడి ఈసీజీ ఉన్న మంచి వాచీ తీసుకోండి. నాన్నగారు ఒంటరిగా ఉంటూ, ఒకటి రెండుసార్లు తూలి పడి ఉంటే, పడిపోవడాన్ని గుర్తించి ఫోన్ ద్వారా కబురు పంపే వాచీ తీసుకోండి. అప్పుడు కూడా కొనిచ్చి వెళ్లిపోకుండా రెండు రోజులు పక్కన కూర్చుని నేర్పండి. ఛాతీలో నొప్పి వస్తే వాచీ వైపు చూడకుండా 108కి ఫోన్ చేయమని ఇంట్లో అందరికీ చెప్పండి.

ఆయనకు బీపీ గానీ షుగర్ గానీ ఉన్నాయా, మీరు రాయలేదు. బీపీ ఉంటే ఏ వాచీ కంటే ముందు జబ్బకు పట్టీ చుట్టే బీపీ మెషిన్ ఒకటి ఇంట్లో ఉండాలి. వివరాలు రాయండి, పట్టీ సైజు ఎలా చూసుకోవాలో చెబుతాను.