అమ్మగారికి సర్పగంధ ఇవ్వకండి

అక్కా, బి.పి. మాత్ర వేసుకునే మీ అమ్మగారు రాత్రంతా పక్క మీద దొర్లుతున్నారని, కడపలో ఎవరో సర్పగంధ వేరు పొడి ఇమ్మన్నారని రాశారు. దయచేసి ఇవ్వకండి. ఆ వేరులోని రిసర్పిన్ అనే పదార్థం రక్తపోటును దించుతుంది. మాత్రకు తోడైతే కళ్లు తిరిగి పడిపోవచ్చు.

నిద్ర పట్టనివారికి చరక సంహిత చెప్పింది గేదె పాలు. పడుకునే ముందు గోరువెచ్చగా ఒక గ్లాసు చాలు. తర్వాత అరికాళ్లకు నువ్వుల నూనె రాసి, మడమ నుంచి వేళ్ల దాకా బొటనవేలితో నొక్కుతూ నెమ్మదిగా మర్దన చేయండి. నాకు అన్నిటికన్నా దీని మీదే గురి. నూనె తుడవకుండా మాత్రం లేవనివ్వకండి, జారిపడతారు. అశ్వగంధ మంచిదే కానీ, బి.పి. మందుతో పాటు వాడాలంటే ముందు వైద్యుణ్ణి అడగాలి. సాయంత్రం టీ మానిపించండి.

పడుకోగానే కాళ్లు లాగుతూ, కదిలిస్తే గానీ హాయిగా ఉండడం లేదా? అయితే రక్తంలో ఇనుము తక్కువేమో పరీక్ష చేయించండి.