మీ ప్రశ్న – లాయరమ్మ జవాబు

ప్రశ్న: మేడమ్ గారూ, మాది పర్లాకిమిడి. మా చెల్లి మగపిల్లాడిగా పుట్టింది. రెండేళ్లుగా చీర కట్టుకుని, తను పెట్టుకున్న పేరుతోనే బతుకుతోంది. ఒక మీటింగులో యోగ్యకర్త సూత్రాల గురించి విని ఇంట్లో చెప్పాను. "జావాలో కూర్చుని తెల్లవాళ్లు రాసుకున్నది మనకెందుకు?" అన్నారు పెదనాన్న. నిజమేనా? అబ్బాయిలంటే ఇష్టం కాబట్టే చెల్లి ఇలా అయిందా?
– ఒక అక్క, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలో ముందు "తమ్ముడు" అని రాసి, కొట్టేసి, పైన "చెల్లి" అని దిద్దావు. ఆ కొట్టివేత దగ్గరే చాలాసేపు ఆగిపోయాను.

పెదనాన్నగారి మాటలో ఒక ముక్క నిజం. యోగ్యకర్త సూత్రాలు దేశాలు సంతకం చేసిన ఒప్పందం కాదు. 2006 నవంబరులో మానవ హక్కుల నిపుణులు ఇండోనేషియాలోని జావా దీవిలో, యోగ్యకర్త నగరంలో కలిసి, అప్పటికే ఉన్న అంతర్జాతీయ ఒప్పందాలు మీ చెల్లి లాంటివాళ్లకూ, స్వలింగ ప్రేమికులకూ ఎలా వర్తిస్తాయో 29 సూత్రాలుగా రాశారు. ఆ ఒప్పందాల్లో ముఖ్యమైన పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో మన దేశం 1979లోనే చేరింది. తెల్లవాళ్లే రాశారనడం మాత్రం తప్పు. ఆ నిపుణుల్లో మన దేశానికి చెందిన, ఇంటి హక్కు మీద ఐక్యరాజ్యసమితికి పనిచేసిన మిలూన్ కొఠారీ ఉన్నారు. అయినా జావా మనకంత పరాయిదా? మన ఒడిశాలో కార్తీక పున్నమి తెల్లవారుజామున అరటి డొప్పల పడవలు వదిలేది, అటు ఓడలెక్కి వెళ్లిన మన వర్తకుల గుర్తుగానే కదా.

2013లో ఒక హిజ్రా నా దగ్గరకొచ్చి, అద్దె ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నారని ఏడ్చింది. నోటీసులో రాయడానికి నాకు గట్టి ఆధారం ఒక్కటీ దొరకలేదు. ఆమె ఎటు పోయిందో ఈరోజుకీ తెలీదు. మరుసటేడు, 2014 ఏప్రిల్ 15న, ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద జాతీయ న్యాయ సేవల సంస్థ (నాల్సా) వేసిన కేసులో సుప్రీంకోర్టు ఈ యోగ్యకర్త సూత్రాలు మన ప్రాథమిక హక్కులకు విరుద్ధం కావని, వాటిని గుర్తించి పాటించాలని చెప్పింది. బరంపురం బార్ రూములో నిలబడే చదివాను. చదువుతున్నంతసేపూ ఆమే కళ్ల ముందుంది.

రెండో ప్రశ్నకు, కాదమ్మా. తనెవరన్నది ఒకటి, మనసు ఎవరి మీద పడుతుందన్నది ఇంకొకటి. మొదటిదాని మీద వచ్చిందే నాల్సా తీర్పు. ఆ రెండో దాని మీద, మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరంగా చూసే చట్టం తప్పని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 1994లో, ఆస్ట్రేలియాకు చెందిన టూనెన్ కేసులో తేల్చింది. మన సుప్రీంకోర్టు కూడా 2018లో 377 సెక్షన్ మీద తీర్పిస్తూ, పెద్దవాళ్లు ఇష్టపడి పెట్టుకునే స్వలింగ సంబంధం నేరం కాదంది.

ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రానికి కలెక్టరుకు దరఖాస్తు పెట్టేటప్పుడు, పేరు ఎలా రాయాలో చెల్లినే అడుగు. మన తెలుగు పేర్లు ఒడియాలోకి వెళ్లేసరికి ఒత్తులు మారిపోతుంటాయి. ఆధార్‌లో, రేషన్ కార్డులో ఒక్కలాగే పడేలా దగ్గరుండి చూసుకో.