‘రోగనిరోధక శక్తి’లో శక్తి ఎందుకు?

సందేహం: మా కాలేజీ పత్రికకు అమెరికా శాస్త్రవేత్త డేల్ షెంక్ గురించి వ్యాసం రాశాను. ‘రోగనిరోధక శక్తిలోను, అల్జీమర్స్ వ్యాధిలోను ఆయన అనేక ప్రచురణలను కలిగి ఉన్నారు’ అన్న వాక్యం దగ్గర పేచీ వచ్చింది. ‘వ్యాధినిరోధక’ అనాలని ఒకరు, ‘ఇమ్యూనాలజీ’ అని ఉంచేయమని మరొకరు. ఏది సరైనది?
– ఒక బయాలజీ అధ్యాపకురాలు, తెనాలి

సమాధానం: రోగం, వ్యాధి రెండూ సంస్కృతమే, రెండూ చెల్లుతాయి. ఆ తగాదాలో పస లేదమ్మా. నాకు ఇబ్బందిగా ఉన్నది ‘శక్తి’.

ముందు ‘ఇమ్యూన్’ పుట్టుక చూడండి. లాటిన్‌లో ‘మూనుస్’ అంటే మనిషి ఊరికీ రాజ్యానికీ చెయ్యాల్సిన పని, కట్టాల్సిన పన్ను. ఆ బాధ్యత లేనివాడు ‘ఇమ్మూనిస్’. మనచేత పన్ను కట్టించుకునే మునిసిపాలిటీ పేరులోనూ ఈ మూనుసే ఉంది. జబ్బుల సంగతి ఆ మాటకు చాలాకాలం తర్వాత అంటింది. మొదట్లో అది పూర్తిగా పన్నుల లెక్కకు చెందిన మాట.

దీన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు మన ‘మాన్యం’ గుర్తొస్తుంది. మాన్యమంటే గౌరవించదగినది. ఆ గౌరవం కింద శిస్తు లేకుండా వదిలిన భూమికి తెలుగులో అదే పేరైంది. విజయనగర కాలపు శాసనాల్లో ‘సర్వమాన్యముగా’ ఇచ్చిన ఊళ్లు ఎన్నో. రాయలు పోయాక పెద్దన చెప్పాడంటున్న చాటువు ఉంది కదా, అందులో ‘కోకట గ్రామాద్యనేకాగ్రహారంబు లడిగిన సీమలయందు నిచ్చె’ అంటాడు. ఎదురైతే తన ఏనుగును ఆపి చెయ్యి ఊతమిచ్చి ఎక్కించుకోవడం, పల్లకీని తన చేత్తో పట్టి ఎత్తడం, ఆ వరసలోనే అగ్రహారాలు. చివరికి గండపెండేరం తానే కాలికి తొడగడం. మర్యాదా శిస్తు మాఫీ ఒకే పద్యంలో పక్కపక్కన కూర్చున్నాయి. మాన్యం అన్న మాటకు ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం నాకు ఎక్కడా దొరకలేదు.

మా ఊరి చెరువు కింద పూజారి మాన్యం ఉండేది. శిస్తు లేదు, కానీ పొద్దుగూకేసరికి గుళ్లో దీపం వెలగాలి. ఒక్కపూట వెలగకపోతే ‘మాన్యం తింటూ ఇదేం పని’ అని రచ్చబండ దగ్గర మొదలయ్యేది. అంటే మన మాన్యంలో మినహాయింపుతో పాటు పనీ ఉంది. ఈమధ్య దీన్ని ‘మన్యం’ అని అచ్చేస్తున్నారు. మన్యం అంటే కొండసీమ, పార్వతీపురం మన్యం జిల్లా పేరులో ఉన్నది అది. ఆ ఒక్క దీర్ఘాన్ని దయచేసి కాపాడండి.

మీ షెంక్ పరిశోధనలోనూ ఈ పనే ముఖ్యం. అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌నే ఎలుకలకు టీకాగా వేస్తే, ఆ పేరుకున్న ముద్దలు తగ్గాయని 1999లో ఆయన బృందం ‘నేచర్’ పత్రికలో చూపించింది. ఒంట్లోని కాపలాయే మెదడును ఊడ్చిందన్నమాట. తర్వాత మనుషులకు వేసి చూస్తే, టీకా తీసుకున్న సుమారు 300 మందిలో 18 మందికి మెదడువాపు వచ్చింది, 2002లో ఆపేశారు. కాపాడాల్సినదే హద్దు మీరింది. ఇలాంటి దానికి ‘శక్తి’ అని పేరు పెడితే, ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న భావం కలుగుతుంది. ‘ఇమ్యూనిటీ పెంచుకోండి’ అనే కషాయాల ప్రకటనలన్నీ ఆ భావం మీదే నడుస్తున్నాయి.

అందుకని ఒంట్లో ఉన్నదాన్ని ‘రోగనిరోధక వ్యవస్థ’ అనండి. చదువును ‘ఇమ్యూనాలజీ’ అని ఉంచినా, ‘రోగనిరోధక శాస్త్రం’ అన్నా నాకు అభ్యంతరం లేదు. విద్యార్థులు చదివే పత్రిక కాబట్టి మొదటిదే తేలిక కావచ్చు. ‘మా వాడికి రోగనిరోధక శక్తి తక్కువండీ’ అని ఇళ్లలో అనుకునే మాటను మాత్రం తప్పనలేను, అది వాడుకలో కుదురుకుంది.

అల్జీమర్స్‌ను ‘మతిమరుపు’ అని కుదించకండి. 1906లో అల్జీమర్ వివరించిన రోగికి మరుపుతో పాటు భర్త మీద విపరీతమైన అనుమానం కూడా ఉండేది.

ఇక ‘ప్రచురణలను కలిగి ఉన్నారు’. ఇద్దరు పిల్లలను కలిగి ఉన్నాను అని మీ అమ్మమ్మ ఎప్పుడైనా అన్నదా? పైగా ప్రచురించేది పత్రిక, రాసేది శాస్త్రవేత్త. షెంక్ 2016లోనే కన్నుమూశారు, ‘ఉన్నారు’ ఎలా కుదురుతుంది? ‘ఇమ్యూనాలజీ మీద, అల్జీమర్స్ మీద ఆయన రాసిన పత్రాలు చాలా వెలువడ్డాయి’ అని రాయండి.